హైదరాబాద్ క్లోరోఫాం నివేదిక: ఒక విమర్శ

పాతబస్తీ నుంచి నయాపూల్ దాటగానే కనిపించే ఉస్మానియా ఆసుపత్రి మీకు తెలిసే ఉంటుంది. 1908 మూసీ వరదల్లో దెబ్బతిన్న అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి తరువాత అది వెలిసింది. ఆ పాత ఆసుపత్రిలో పనిచేసిన ఎడ్వర్డ్ లారీ చొరవతో వెలువడిన క్లోరోఫాం నివేదికను ఇప్పుడు పరిశీలిద్దాం.

1847లో ఎడింబరోలో సింప్సన్ క్లోరోఫాం వాడకం మొదలుపెట్టారు. కోత బాధ తగ్గింది. కానీ మరుసటి ఏడాదే ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే 15 ఏళ్ల బాలిక కాలిగోరు తీయించుకోబోయి, మత్తు మొదలైన కొద్ది నిమిషాల్లోనే చనిపోయింది. అటువంటి మరణాలు ఆగలేదు. మరి మత్తు ఇచ్చేవారు దేనిని కనిపెట్టి ఉండాలి? శ్వాసనా, నాడినా? శ్వాసనే అన్నారు లారీ. 1888 నాటి మొదటి కమిషన్ అదే చెబితే లండన్‌లోని 'లాన్సెట్' పత్రిక ఒప్పుకోలేదు. నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1,000 పౌండ్లు ఇచ్చారు. పత్రిక ఎంపిక చేసిన లాడర్ బ్రంటన్ 1889లో హైదరాబాద్ వచ్చారు. గుండె ఆగడమూ కారణమేనని నమ్మి వచ్చిన ఆయన, 400కు పైగా జంతువులపై ప్రయోగాలు జరిగాక లారీ పక్షానికే చేరారు.

ఈ నివేదికలో రెండు వేర్వేరు మాటలు ఒకటిగా కలిసిపోయాయి. వాటిని విడదీసి చదవండి. శ్వాసను ఎడతెగకుండా గమనించాలన్నది పనికి సంబంధించిన నియమం. అది మంచి నియమమే, ఎందరినో కాపాడగలిగినదే. క్లోరోఫాం గుండెను నేరుగా ఆపనే ఆపదన్నది సిద్ధాంతం. తేలికపాటి మత్తులో హఠాత్తుగా గుండె ఆగడం ఆ ప్రయోగాల్లో వారికి చిక్కలేదు. చిక్కలేదు కనుక లేదని తేల్చారు. జంతువుల సంఖ్య ఎంత పెద్దదైనా ఈ లోపం పూడదు.

1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులకు కొద్దిపాటి క్లోరోఫాం మత్తులో అడ్రినలిన్ ఎక్కించి చూశారు. గుండె జఠరికలు క్రమం తప్పి అదిరి, రక్తం నెట్టలేక ఆగిపోయాయి. భయపడిన మనిషి శరీరం అడ్రినలిన్‌ను తనంతట తానే విడుదల చేస్తుంది. 1889లో అడ్రినలిన్ సంగతి ఎవరికీ తెలియదు కాబట్టి, అది చెప్పలేదని కమిషన్‌ను తప్పుపట్టడం అన్యాయం. తప్పుపట్టవలసింది 'ఎన్నడూ జరగదు' అన్న ధీమానే. ఆ ధీమాను నమ్మిన వైద్యుడు నాడి మీద వేలు తీసేస్తాడు. బల్ల మీద వణుకుతున్న రోగి భయాన్ని ప్రమాదంగా లెక్కలోకి తీసుకోడు.