కల్నల్ మెకంజీ స్వీయపత్రములు - కైఫియత్తుల ప్రామాణ్యము

కల్నల్ కాలిన్ మెకంజీ పేరు తెలుగువారికి కైఫియత్తుల మూలముననే పరిచితము. ఆ కైఫియత్తులను చరిత్రకారులు విరివిగా వాడుకొనిరి. కాని వానిని సేకరింపించిన సైనిక ఇంజనీరు స్వయముగా వ్రాసికొనిన దినచర్యలను, లేఖలను, యుద్ధకాలపు పటములను వానితో జోడించి చదివినవారు అరుదు. ఈ ఎడబాటు వలన రెండు విపరీతాభిప్రాయములు ప్రబలినవి. కైఫియత్తులు కరణముల పుక్కిటి పురాణములని కొందఱందురు. దేశీయుల నిష్కల్మష చరిత్రలని మఱికొందఱందురు. ఈ రెండును నిలువవని మా అభిప్రాయము.

మెకంజీ స్కాట్లండునకు చేరిన లూయిస్ ద్వీపమున జన్మించి, 1783లో మద్రాసు చేరి, 1786లో ఇంజనీర్ల శాఖలో ప్రవేశించెను. మూడవ మైసూరు యుద్ధము, 1793 నాటి పుదుచ్చేరి ముట్టడి, 1796 నాటి సింహళ దండయాత్ర, 1799 నాటి శ్రీరంగపట్టణ ముట్టడి, 1811 నాటి జావా దండయాత్ర - వీనియందెల్ల ఆయన పాల్గొనెను. 1815లో భారతదేశ సర్వేయర్ జనరల్ పదవి నందెను. 1821 మే 8వ తేదీన మరణించెను. ఈ యుద్ధముల నడుమ దొరకిన విరామములందే సంగ్రహమంతయు పెరిగినది.

ఆయన స్వీయపత్రములలో ముఖ్యమైనది 1817 ఫిబ్రవరి 1వ తేదీన సర్ అలెగ్జాండర్ జాన్‌స్టన్‌కు వ్రాసిన లేఖ. దేశభాషలు తెలియకపోవుటచే తన తొలి సంవత్సరములు వృథాయైనవనియు, 1796లో సింహళమునుండి మరలివచ్చిన పిమ్మట కావలి వెంకట బొఱ్ఱయ్య లభించుట సంకల్పముకంటె యాదృచ్ఛికమే యనియు ఆయన అందు చెప్పికొనెను. ఈ లేఖను పండితులు యథాతథముగా గ్రహించుచున్నారు. అది అఱువది దాటిన వయస్సున వెనుకకు చూచి వ్రాసినదన్న సంగతి మఱువరాదు.

ఈ లేఖను పరీక్షించుటకు మెకంజీ పత్రములలోనే సాధనము కలదు. 1794లో ఆయన శ్రీశైలమును దర్శించి వ్రాసిన దినచర్యాభాగము ఏషియాటిక్ రిసర్చెస్ ఐదవ సంపుటమున అచ్చయినది. ప్రాకారముపై చెక్కిన శిల్పములను, చంద్రవతి యను రాజపుత్రికను గూర్చిన స్థలకథను ఆయన అందు నమోదు చేసెను. బొఱ్ఱయ్య పరిచయమునకు రెండేండ్ల ముందే స్థలకథలపై ఆసక్తి కలదని దీనివలన స్పష్టము. కావున బొఱ్ఱయ్య ఇచ్చినది జిజ్ఞాస కాదు. ఆ జిజ్ఞాసకు భాషను, పద్ధతిని ఇచ్చెను. 1803లో బొఱ్ఱయ్య మరణింపగా సోదరుడు లక్ష్మయ్య ఆ భారమును వహించెను.

ఇక కైఫియత్తుల స్వరూపమును చూతము. సైన్యమును నడిపించు ఇంజనీరుకు కావలసినవి దారి, నీరు, కోట, కోట నేలినవాడు, గ్రామపు రాబడి. కైఫియత్తులలో సాధారణముగా కానవచ్చు విషయములు గ్రామనామము, ఏలిన ప్రభువుల వరుస, కోట, చెఱువు, ఆలయము, మాన్యములు. ఈ రెండు పట్టికలకు గల పోలిక కాకతాళీయము కాదు. ప్రశ్న సర్వేక్షకునిది, సమాధానము కరణమునది. కైఫియత్తు ఆ యిరువురి నడుమ పుట్టిన రచన.

దీనికి నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతమే మంచి నిదర్శనము. అహోబిల కైఫియత్తున ప్రతాపరుద్రుని కథ యొకటి కలదు. ఆయన రుద్రవరమున విడిసి యుండగా, శివప్రతిమకై పోసిన బంగారము నృసింహాకృతి దాల్చెననియు, ఆ మూర్తిని అహోబిల జియ్యరున కొసగెననియు ఆ కథ. ప్రతాపరుద్రుడు 1323లో ఢిల్లీ సేనలకు బందీ యయ్యెను. అహోబిల మఠస్థాపనము సంప్రదాయము ననుసరించి చూచినను పదునాల్గవ శతాబ్ది చివరనే. కావున ఆ దానము జరిగినదనుట పొసగదు. అంతమాత్రమున కథ వ్యర్థమగునా? రుద్రవరమునకు ఆ పేరెట్లు వచ్చెను, దేవస్థానమునకు తొలి దాత యెవరు అను రెండు ప్రశ్నలకు ఒకే సమాధానము కూర్చిన తీరు ఇందు కలదు. శైవప్రభువు స్మృతిని వైష్ణవక్షేత్రము తనలో నిలుపుకొనిన తీరును ఇందు కలదు. ఇట్టిది శాసనములందు దొరకదు.

నంద్యాల ప్రభువుల విషయమును ఇట్లే విమర్శింపవలెను. కళాపూర్ణోదయమును పింగళి సూరన నంద్యాల కృష్ణమరాజునకు అంకిత మిచ్చెను. కృతిపతి వంశకీర్తి కావ్యావతారికకు ప్రయోజనము. దానధర్మము శాసనమునకు ప్రయోజనము. భూమి చేతులు మాఱిన క్రమము కైఫియత్తునకు ప్రయోజనము. ప్రయోజనము తెలియనిదే సాక్ష్యము తూకమునకు రాదు. ఆ మూడవ ప్రయోజనమును తెలుపునవి మెకంజీ స్వీయపత్రములే.

విచారింపదగిన దేమనగా, ఈ పత్రములు ఒక్కచోట నిలువలేదు. 1828లో విల్సన్ ప్రకటించిన సూచికలో స్థలచరిత్రలు 2,070, శాసనములు 8,076 అని లెక్క కలదు. ఇప్పుడు దేశభాషా వ్రాతప్రతులు చాలభాగము చెన్నపట్టణపు ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారమునను, ఆంగ్లపత్రములు, చిత్రములు పెక్కు లండనులోని బ్రిటిష్ లైబ్రరీయందును ఉన్నవి. ప్రశ్న యొక నగరమున, సమాధాన మొక నగరమున! పరిశోధనను కొనసాగింపగోరిన లక్ష్మయ్యకు 1836లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ ఆమోదము లభింపలేదు. అడిగినవాని భావమును, చెప్పినవాని భాషను కలిపి యెఱిగిన చివరివాని వాక్కు అట్లు వినబడకపోయెను.

కావున కైఫియత్తులను పరిష్కరించు విద్యార్థులు పాఠభేదములతో తృప్తి చెందరాదు. ప్రతి కైఫియత్తునకు సేకర్త యెవరు, చెప్పినవా రెవరు, ఆనాటి సర్వే ఏమి కోరినది అను మూడంశములను ముందుగా నిర్ణయింపవలెను. అప్పుడే కరణము పలుకులలో ఏది యాతనిదో, ఏది ప్రశ్నకు ఒదిగినదో తేటపడును.