నవమి మధ్యాహ్నపు బల్ల

భద్రాచలంలో శ్రీరామనవమి నాడు ఇంటి భోజనానికి ఒక వేళంటూ ఉండదు. మిథిలా స్టేడియంలో సీతారాముల కల్యాణానికి అభిజిత్ లగ్నంలో జీలకర్ర బెల్లం పెట్టి, మాంగల్యధారణ, తలంబ్రాలు అయ్యేసరికి ఎండ నడినెత్తికి వస్తుంది. అప్పుడు జనం ఒక్కుమ్మడిగా కదులుతారు. ఊళ్లో ఇల్లున్నవాళ్ల గుమ్మం ముందు చెప్పులు విడతలు విడతలుగా పెరుగుతాయి. ఖమ్మం నుంచి కార్లో వచ్చిన మేనమామ ఒంటిగంటకి, కొత్తగూడెం పిన్నివాళ్లు రెండింటికి, కూనవరం, చింతూరు వైపు చుట్టాలు ఎప్పటికో. 2014లో ఆ మండలాలు ఆంధ్రలో కలిశాక వాళ్లు పక్క రాష్ట్రం నుంచి వచ్చినట్టే లెక్క, పులిహోర దగ్గర ఆ లెక్క ఎవరికీ గుర్తుండదు. ఇలాంటి ఇంట్లో బంతి వేసి కూర్చోబెట్టడం కుదిరే పని కాదు. వసారాలో రెండు బల్లలు కలిపి, ఉతికిన తెల్ల పంచె పరిచి, అన్నీ అక్కడే పెట్టేస్తారు. ఎవరికి కావలసింది వాళ్లు పెట్టుకుంటారు. పెళ్లిళ్లలో బఫే అంటే మొహం చిట్లించే పెద్దవాళ్లు కూడా ఆ పూట కిక్కురుమనరు.

ఆ బల్ల అందం గురించే ఈ మాటలన్నీ. అయితే తినడానికి ముందు అందరూ ఫోన్లు తీసి పట్టుకునే అందం గురించి కాదు. అప్పుడు గిన్నెలన్నీ నిండుగా ఉంటాయి, నిండుగా ఉన్నది ఎక్కడైనా బాగానే ఉంటుంది. నాకు చూడబుద్ధయ్యేది రెండో విడత చుట్టాలు చేతులు కడుక్కున్న తర్వాత. సగం తరిగి, అయినా వెలితి కనిపించక, పది చేతులు తిరిగిన ఆనవాళ్లతో ఉన్న బల్ల. దాన్ని ముందే ఊహించి సర్దినవాళ్లకే బల్ల సర్దడం వచ్చినట్టు.

మామిడికాయ పులిహోరనే చూడండి. గోపురంగా పేరిస్తే మొదటి గరిటెకే ఒక పక్క కూలుతుంది, ఇక సాయంత్రం దాకా ఆ కూలిన పక్కే కంటపడుతుంది. వెడల్పాటి ఇత్తడి తాంబాళంలో నాలుగు వేళ్ల మందాన పరిస్తే కథ వేరు. చైత్రపు వేడిగాలికి పైపొర మెతుకులు కాస్త ఆరి మసకబారతాయి. గరిటె దిగిన చోట లోపలి పొర నూనె మెరుపుతో, పచ్చటి పసుపుతో బయటపడుతుంది. వేరుశనగ గుళ్లు, ఎర్రగా వేగిన ఎండుమిరప తునక, నల్లబడిన కరివేపాకు అప్పటిదాకా ఎక్కడ దాక్కున్నాయో అక్కడ్నించి పైకొస్తాయి. తీసేకొద్దీ రంగు తేలే పదార్థం ఇది. వడపప్పు గుణం ఇంకొకటి. నానిన పెసరపప్పు లేత పసుపు, కొబ్బరి తెలుపు, కీరదోస ముక్కల తడి ఆకుపచ్చ, పచ్చిమామిడి కోరు. చెంచాతో తీసిన గుంట వైపు గింజలు ఒక్కొక్కటే జారి, మనం చూస్తుండగానే పూడిపోతుంది. ఎంత తిన్నా తిన్నట్టు కనిపించదు.

పరమాన్నం అలా కాదు. చల్లారితే మీద మీగడ తరక కడుతుంది, దాన్ని ఒక్కసారి చింపితే మళ్లీ అతకదు. పెద్ద గిన్నెతో బల్లమీదికి తేవడం దాన్ని అవమానించడమే. తెలిసినవాళ్లు మోదుగాకు దొప్పల్లో పోసి, దొప్పకొక జీడిపప్పు వేసి, వరసగా పెడతారు. ఒక దొప్ప తీస్తే ఒక ఖాళీ, అంతే, మిగిలినవాటి పరువు పోదు. దద్దోజనానికైతే బల్లమీద చిన్న గిన్నె చాలు. గట్టిపడేలోగా అయిపోవాలి, లోపల్నించి పాలు కలిపిన మరో గిన్నె రావాలి.

పానకం కుండ బల్లమీద ఉండకూడదు. వసారా మూలన, ఇసక మీద, తడిగుడ్డ చుట్టి. కొత్త కుండ అయితే ఒంటినిండా చెమటలు పట్టి, ఆ చెమ్మ చుట్టూ ఇసకలోకి ముదురు వలయంగా పాకుతుంది. బెల్లం నీళ్లలో మిరియాల పొడి, శొంఠి మెల్లగా అడుక్కి దిగుతాయి. కలపకుండా ముంచితే ముందొచ్చినవాడికి తీపి, ఆలస్యంగా వచ్చినవాడికి ఘాటు. మూడు గంటల ఎండలో పడి వచ్చినవాడికి ఆ ఘాటే కావాలని వాదించేవాళ్లున్నారు. నేను ఆ పక్షమే.

ఇక ఆకు. చింతూరు, మారేడుమిల్లి అడవుల అడ్డాకు కట్ట ఎవరో ఒక చుట్టం చేత రానే వస్తుంది. మధ్యకి చీలినట్టుండే వెడల్పాటి ఆకు. పైన నునుపు, కింద వేలు రాస్తే మఖమలు. నాలుగైదు ఆకుల్ని సన్నటి పుల్లలతో కుట్టిన ఇస్తరాకు ఎండితే గోధుమరంగు తిరుగుతుంది, నీళ్లు చిలకరిస్తే మళ్లీ మెత్తబడుతుంది. వేడి అన్నం పడగానే లేచే వాసన కూరలకంటే ముందు ముక్కుకి తగులుతుంది. నిలబడి తినేవాడికి ఆకు చేతిలో నిలవదు కాబట్టి కింద స్టీలు పళ్లెం పెట్టి ఇస్తారు. గోధుమరంగు ఆకు చుట్టూ సన్నటి వెండి అంచు తేలుతుంది, ఎవరూ అనుకుని చేసిన సింగారం కాదది. ఇంత అడవి పక్కన పెట్టుకుని, అరిటాకు బొమ్మ అచ్చేసిన కాగితం ప్లేట్లు కొని తెచ్చే ఇళ్లను చూస్తే మాత్రం నాకు నవ్వు ఆగదు.

పూలు అక్కర్లేదు. రంగు మనుషులతోపాటే వస్తుంది. భద్రాద్రి తలంబ్రాలు మిగతా ఊళ్లలోలాగా పసుపు కావు, గులాలు కలిపిన గులాబీరంగు. ముత్యాల తలంబ్రాలు గోల్కొండ ఏలిన తానీషా కాలం నుంచి వస్తున్న ఆనవాయితీ అంటారు, ఇప్పుడు రాష్ట్ర ప్రభుత్వం పంపుతోంది. కల్యాణం చూసివచ్చిన ఆడవాళ్ల జడల్లో, మగవాళ్ల కండువా మడతల్లో ఆ బియ్యం ఇరుక్కునే ఉంటుంది. వంగి గరిటె అందుకునే వేళ ఒక గింజ తెల్ల పంచె మీద రాలుతుంది. మూడో విడతకల్లా గిన్నెల మధ్య ఖాళీల్లో అక్కడొకటి ఇక్కడొకటి గులాబీ చుక్కలు. వాటిని దులపకూడదు. తొక్కుడు పడకుండా చూస్తే చాలు.

బంతిలో ఉన్నదీ ఇక్కడ లేనిదీ కొసరు. వద్దంటున్నా ఆకులో పడే ఆ రెండో బూరె. దాన్ని ఈ బల్ల ఎలా దక్కించుకుంటుందంటే, ఇంటావిడ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి గిన్నెల్ని చూస్తుంటుంది, మనుషుల్ని కాదు. అడుగు కనిపించబోయే గిన్నె మాయమై నిండినది వస్తుంది. ఒలికిన చోట తడిబట్ట ఒక్కసారి తిరుగుతుంది. గరిటె కాడ వచ్చేవాళ్ల కుడిచేతి వైపుకి మళ్లుతుంది. అంతా అయ్యాక చివరి చుట్టం "ఇంకా ఇంత ఉందేంటి వదినా" అని ఆశ్చర్యపోతాడు. ఉన్నది మూడు గిన్నెలే. పెద్ద గిన్నెలు ఎప్పుడో ఎత్తేసి, ఉన్నవాటిని దగ్గరికి జరిపి, రెండో బల్లను గోడవారకు పంపేసిందని అతనికి తెలియదు.

ఒక్కదాన్ని మాత్రం ఈ బల్లమీదికి రానివ్వకూడదని నా పట్టు: ఆవకాయ జాడీ. నవమికి కొత్తది పట్టరు. పాతది అడుగంటి, నల్లబడి, పక్కనున్న వడపప్పు రంగుని చంపేస్తుంది. వంటింట్లో ఉంచి, అడిగినవాళ్లకి వేసివ్వడం మేలు. కాకపోతే మిరపకాయల మార్కెట్టున్న ఖమ్మం వైపు నుంచి వచ్చినవాళ్లలో అడగనివాళ్లు ఎవరుంటారు!