ప్రస్తార ప్రకరణము: సంఖ్యయు శ్రుతియు

లక్షణగ్రంథములను పఠించు విద్యార్థి గణ, యతి, ప్రాస ప్రకరణములను శ్రద్ధతో చదువును; ప్రస్తార ప్రకరణము వచ్చుసరికి పుటలు త్రిప్పును. ఇందుకు అతనిని నిందించి ప్రయోజనము లేదు. ఈ ప్రకరణము కవిత్వముతో సంబంధము లేని గణితవినోదమని పెద్దలే పలుమారు చెప్పియున్నారు. దీనికి ఎదురుగా ఇటీవల మరియొక వాదము బయలుదేరినది. నేటి కంప్యూటరు శాస్త్రమంతయు పింగళుని సూత్రములలోనే యున్నదనుట దాని సారము. మొదటివారు ప్రకరణమును చదువక విడిచిరి. రెండవవారు చదువకయే పొగడిరి. ఈ రెండును పరీక్షకు నిలువవని మా అభిప్రాయము. ప్రస్తారవిధులను పైథాను అను కంప్యూటరు భాషలో వ్రాసి నడిపినచో ఏమి తేలునో, ఆ తేలినది సాహిత్య విమర్శకు ఎంతవరకు ఉపకరించునో నిరూపించుట ఈ వ్యాసోద్దేశము.

1. విధుల స్వరూపము

ఛందశ్శాస్త్రమున ప్రత్యయములు ఆరు: ప్రస్తారము, నష్టము, ఉద్దిష్టము, ఏకద్వ్యాదిలగక్రియ, సంఖ్య, అధ్వయోగము. ఇన్ని అక్షరముల పాదమునకు గురులఘువులు ఎన్ని విధముల కుదురునో వరుసగా వ్రాయుట ప్రస్తారము. వరుససంఖ్య తెలిసి రూపమును కనుగొనుట నష్టము. రూపము తెలిసి సంఖ్యను కనుగొనుట ఉద్దిష్టము. వ్రాయకయే మొత్తమును చెప్పుట సంఖ్య. ప్రస్తారమును వ్రాయుటకు ఎంత చోటు కావలయునో చెప్పుట అధ్వయోగము.

ఈ కడపటిదానిని చూచి నవ్వువారు కలరు. కాని దాని యందలి వివేకము గమనింపదగినది. పంక్తికి ఒక అంగుళము, నడుమ ఒక అంగుళము చొప్పున 20 అక్షరముల ప్రస్తారమునకు 20,97,151 అంగుళములు కావలయును. లీలావతిలోని మానముచే లెక్కించిన అది సుమారు 11 క్రోసులు. అనగా ఈ ప్రస్తారము వ్రాయదగినది కాదు. సంఖ్య, నష్ట, ఉద్దిష్టముల అవసరము ఇందువలననే కలిగినది. సమస్తమును పేర్చి చూచుట ఒక మార్గము, పేర్పకయే ఫలమును చేరుట వేరొక మార్గము. నేడు పైథానులో చిక్కుప్రశ్నలను సాధించు విద్యార్థి మొట్టమొదట నేర్చు భేదము ఇదియే.

గీడో వాన్ రోసమ్ 1991లో వెలువరించిన ఈ భాషలో సర్వసంయోగములను పేర్చు సాధనమొకటి సిద్ధముగా నున్నది. గురువునకు సున్న, లఘువునకు ఒకటి యని ఇచ్చినచో అది ప్రస్తారమును క్షణములో పేర్చును. ఐతే ఆ సాధనమున కడపటి స్థానము ముందుగా మారును. మన ప్రస్తారమున మొదటి స్థానము ముందుగా మారును. కావున ప్రతి పంక్తిని తిరుగవేయవలయును. యంత్రము సున్న నుండి లెక్కించును, లాక్షణికుడు ఒకటి నుండి లెక్కించును. కావున ఒకటి కలుపవలయును. ఈ రెండు సవరణలతో విధి సరిపోవును. ఇంతమాత్రముచే పింగళుడు ద్విసంఖ్యామానమును కనుగొనెననుట అతిశయోక్తి. 1703లో లైబ్‌నిట్జ్ ప్రకటించినది అంకెలను వ్రాయు పద్ధతి. పింగళునిది రూపములను వరుసపెట్టు విధి. రెండింటికి బంధుత్వము కలదు, ఏకత్వము లేదు.

2. ఒక ఊరిపేరుతో పరీక్ష

ఈ విధులను బోధించుటకు కావ్యములనే ఆశ్రయింపనక్కరలేదు. తూర్పు కనుమల మన్యసీమలోని 'అడ్డతీగల' యను ఊరిపేరును గ్రహింతము. డ్డకారము ముందుండుటచే అకారము గురువు. తక్కినవి వరుసగా లఘువు, గురువు, లఘువు, లఘువు. గ-ల-గ-ల-ల యను ఈ రూపమున 2, 4, 5 స్థానములు లఘువులు. వాని విలువలు 2, 8, 16. ఒకటి కలిపిన 27. అనగా ఐదక్షరముల సుప్రతిష్ఠా ఛందమున నున్న 32 రూపములలో ఇది 27వది. దాని పొరుగు పేర్లలో 'రాజవొమ్మంగి' 19వది, 'మారేడుమిల్లి' 21వది.

ఇక నష్టము. 27 బేసి కావున గురువు. ఒకటి కలిపి సగము చేసిన 14. అది సరి కావున లఘువు; సగము 7. బేసి, గురువు, ఒకటి కలిపి సగము చేసిన 4. సరి, లఘువు, సగము 2. సరి, లఘువు. పోయిన రూపము మరల దొరకినది. దీనిని పైథానులో వ్రాయుటకు ఐదారు పంక్తులు చాలును.

అయితే ఈ పేరే యంత్రముయొక్క మొదటి లోపమును కూడ బయటపెట్టుచున్నది. 'అడ్డతీగల' పొడవెంతయని పైథాను నడిగిన 8 అని చెప్పును. ఒత్తును, దాని ముందున్న విరామచిహ్నమును, దీర్ఘచిహ్నమును అది వేరువేరుగా లెక్కించును. చెవికి వినబడునవి ఐదే. అక్షరమన నేమో ముందు నేర్పినగాని యంత్రము గణములజోలికి పోరాదు. ఛందస్సునకు అక్షరము వ్రాతలోని గుర్తు కాదు, ఉచ్చారణలోని ప్రమాణమని ఇంతకంటె స్పష్టముగా చూపు ఉదాహరణము కష్టముగా దొరకును.

3. సంఖ్యలు చెప్పిన బంధుత్వము

తెలుగు కావ్యములందు విరివిగా వాడబడిన వృత్తములు నాలుగు. ఉత్పలమాల కృతిచ్ఛందమున 3,55,799వది. చంపకమాల ప్రకృతిచ్ఛందమున 7,11,600వది. శార్దూలము అతిధృతియందు 1,49,337వది. మత్తేభము కృతియందు 2,98,676వది. ఈ సంఖ్యలను వల్లించువారు కలరుగాని వానిని ప్రక్కప్రక్కన ఉంచి చూచువారు తక్కువ. ఉత్పలమాల సంఖ్యను ఇబ్బడించి 2 కలిపిన చంపకమాల సంఖ్య వచ్చును. శార్దూల సంఖ్యను ఇబ్బడించి 2 కలిపిన మత్తేభ సంఖ్య వచ్చును. మత్తకోకిల 93,019వది, తరలము 1,86,040వది, వీనికిని సంబంధమిదియే.

కారణము సులభము. మొదటి వృత్తముయొక్క తొలి గురువును తీసి రెండు లఘువులనుంచిన రెండవ వృత్తమగును. అప్పుడు తక్కిన లఘువులన్నియు ఒక్కొక్క స్థానము జరిగి విలువ రెట్టింపగును. క్రొత్త లఘువులు రెండును 3 చేర్చును. ఐతే గురువుతో మొదలగు ప్రతి వృత్తమునకు ఇట్టి జంట గణితమున ఉండియే తీరును. కావున సూత్రమే ఒక విశేషము కాదు; కవులు ఈ జంటలనే ఎన్నుకొనుటయందు విశేషమున్నది. యతులును దీనికి సాక్ష్యమిచ్చుచున్నవి. ఉత్పలమాలకు 10, చంపకమాలకు 11. శార్దూలమునకు 13, మత్తేభమునకు 14. మత్తకోకిలకు 11, తరలమునకు 12. పాదాదిని ఒక అక్షరము పెరుగగా యతియు ఒక స్థానము జరిగినది. అనగా వినికిడిలో అది కదలలేదు.

దేశిగణముల పుట్టుకను చూచిన ఈ విషయము మరింత దృఢపడును. రెండు, మూడు, నాలుగు అక్షరముల ప్రస్తారములను వ్రాసి, తొలి స్థానమున లఘువున్నచోట రెండు లఘువులుంచి, మొదటి రెండు రూపములను విడిచిన వరుసగా సూర్యగణములు 2, ఇంద్రగణములు 6, చంద్రగణములు 14 మిగులును. తొలిచోట గురువో, రెండు లఘువులో యను నియమమే దేశిగణములను సృజించినది. ఆ నియమమే తెలుగు కవులు సంస్కృతమునుండి ఎత్తుకొన్న వృత్తములలో జంటలను నిలిపినది. పదిలక్షలకు మించిన కృతివృత్తములనుండి తెలుగు చెవి ఈ రెంటిని ఎన్నుకొనుట యాదృచ్ఛికము కాదని మా నిర్ణయము. ప్రస్తారము కవిత్వమునకు దూరమనువారికి మా మొదటి సమాధానమిది.

4. నియమముల బరువు

జాత్యుపజాతులలో లెక్క వేరు. ద్విపద పాదమున ఇంద్రగణములు 3, సూర్యగణము 1, రూపములు 432. ఇంద్రగణములలో ఏ యొకటియు వేరొకదానికి మొదలు కాదు; సూర్యగణములును అట్టివే. కావున పాదమును ఒకే విధముగా విభజింపగలము. ఈ 432 రూపములలో పునరుక్తి లేదు. పైథానులో అన్నిటిని పేర్చి, ఒకే రూపము రెండుమార్లు వచ్చినదేమోయని సరిచూడవచ్చును.

కందమున నియమములు ఎక్కువ. అర్ధమునకు ఎనిమిది చతుర్మాత్రాగణములు. గగ, భ, జ, స, నలములలో బేసిచోట జగణము రాదు. ఆరవది జగణమో నలమో కావలయును. ఎనిమిదవది గురువుతో ముగియవలయును. ఇంతవరకు పాటించిన అర్ధమునకు 25,600, పద్యమునకు 65,53,60,000 రూపములు. ఇన్నిటిని పేర్చుటకు యంత్రమునకైనను ఓపిక చాలదు; హెచ్చవేత చాలును. సంఖ్యాప్రత్యయముయొక్క ఘనత ఇదియే. ఇక తొలి అక్షరము ఒక పాదమున లఘువైన నాలుగింటను లఘువే, గురువైన గురువే కావలయునను నియమమును చేర్పగా మిగులునవి 8,51,96,800. లక్షణమున ఒక చిన్న వాక్యముగా కనబడు ఈ నియమము నూటికి 87 రూపములను త్రోసివేసినది! ప్రాసకు ముందున్న అక్షరపు తూకము చెడరాదను శ్రుతిధర్మము దీనికి మూలము. ఏ నియమము కవిని ఎంత బిగించునో మాటలతో చెప్పుటకు మారు కొలిచి చూపుటకు వీలైనది. విమర్శకునకు ఇది అల్పలాభము కాదు.

5. సంఖ్యకు వినబడనిది

ఇక రెండవ పక్షమువారికి సమాధానము. ప్రాసనియమము లేని మంజరీద్విపద రెండు పాదములకు రూపములు 1,86,624. ఆరు ఇంద్రగణములు, రెండు సూర్యగణములు గల సీసపాదమునకును రూపములు సరిగా 1,86,624. గణములు అవే, వరుస వేరు. సంఖ్యకు రెండును ఒకటే. చెవికి ద్విపద నడక వేరు, సీసపు తూగు వేరు. సంఖ్య రూపముల విస్తారమును చెప్పునుగాని నడకను చెప్పదు.

మరియు యంత్రము అర్థము నెరుగదు. 'రాజప్రసాదము' అను సమాసమున ప్రకారమునకు ముందున్న జకారము గురువు. 'వాని ప్రసాదము' అనునపుడు రెండు పదములు వేరగుటచే నికారము లఘువుగానే నిలుచును. అంతరము సంయుక్తాక్షరమున లేదు, సమాసజ్ఞానమున నున్నది. పద్యమున పదముల నడుమ ఎడము విడువక వ్రాసిన తాళపత్రప్రతులను యంత్రమున కిచ్చినచో ఈ నిర్ణయము ఎవరు చేయవలయును? వ్యాకరణ మెరిగిన పాఠకుడే చేయవలయును. గణవిభజన సాధనములను వాడు పరిశోధకులు వాని తీర్పును పాఠనిర్ణయమునకు తుది ప్రమాణముగా గ్రహింపరాదు. యంత్రము ఛందోభంగమన్నచోట ముందుగా సంధిని, సమాసమును చూడవలయును, ఆ పిమ్మట లేఖకుని, కట్టకడపట కవిని.

6. ఫలితార్థము

అనంతామాత్యుని ఛందోదర్పణమును, 1656 నాటి అప్పకవీయమును నేడు చదువు విద్యార్థి వానిలోని లెక్కలను కంఠస్థము చేయవలసిన పనిలేదు. వానిని సాధింపవలయును. ఒక వృత్తమునకు ఉద్దిష్టము కట్టి, నష్టముతో తిరిగి రాబట్టి, పైథానులో వ్రాసి సరిచూచినవానికి లక్షణకర్త యేల అట్లు చెప్పెనో తెలియును. ఆతని లెక్కలో వ్రాయసకాడు చేసిన తప్పును దిద్దు శక్తియు అలవడును. ముద్రితప్రతులలోని వృత్తసంఖ్యలను ఈ రీతిని సంస్కరించుట ఒక పరిశోధకునికి తగిన పని.

ప్రస్తారము కవికి మార్గదర్శి కాదు. ఏ మహాకవియు అంకెల వరుస చూచి వృత్తము నెన్నుకొనలేదు. కాని కవి విడిచిన మార్గములెన్నియో లెక్కించినగాని ఆతడు పట్టిన మార్గముయొక్క విలువ పూర్తిగా తెలియదు. ఆ లెక్కను యంత్రము చేయును. విలువ కట్టుట చెవి గల చదువరి పని.