విజయగాథ గాదు, విడుదల గాథ
('మా నాయన బాలయ్య' పై ఒక పరిశీలన)

మన వాడలోంచి ఎవడన్నా పెద్ద ఉద్యోగంలోకి పోతే పేపరోళ్లు ఎప్పుడూ ఒకే కథ రాస్తరు. గుడిసెలో పుట్టిండు, చిన్ననాడే పెద్ద కల గన్నడు, రాత్రింబగళ్లు కష్టపడ్డడు, గెలిచిండు. ఈ కథలో ఊరి దొర ఉండడు. భూమి ఎవరి చేతిలో ఉన్నదో ఉండదు. కులం ఉన్నా, దారిలో అడ్డమొచ్చిన రాయి లెక్క ఉంటది. దీన్ని చదివిన మన పిల్లలకు అందే పాఠం ఏంది? గెలవనోడు సరిగా కల గనలేదు, చాలినంత కష్టపడలేదు. అంటే ఓడిపోయిన నేరం కూడా మన నెత్తి మీదనే!

ఈ నీతిని పరీక్షకు పెట్టడానికి వై.బి. సత్యనారాయణ రాసిన 'మా నాయన బాలయ్య' పనికొస్తుంది. ఇది 2011లో ఇంగ్లీషులో వచ్చింది. పి. సత్యవతి చేసిన తెలుగు అనువాదాన్ని హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించింది. కరీంనగర్ జిల్లా వంగపల్లి నుంచి బయల్దేరిన ఒక మాదిగ కుటుంబం మూడు తరాల చరిత్ర ఇది. రచయిత కెమిస్ట్రీ చెప్పి, కాలేజీ ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. కాబట్టి దీన్ని సంకల్పబలం కథగా చదవడం తేలిక. కానీ పుస్తకంలోని సంఘటనలు ఆ చదువుకు ఒప్పుకోవు.

రచయిత ముత్తాత కుట్టిన చెప్పులను మెచ్చి నిజాం 50 ఎకరాల భూమి ఇచ్చిండు. ఊరి దొర రెండెకరాలు విడిచి మిగిలింది గుంజుకున్నడు. భూమి పోయిన నర్సయ్య, భార్య చనిపోతే శవాన్ని తానే మోసుకపోయి పాతిపెట్టిండు. చిన్న కొడుకును వెంటబెట్టుకొని ఊరిడిచి రైల్వే పనికి పోయిండు. ఆ కొడుకే బాలయ్య. ఆ రోజు నర్సయ్యకు పెద్ద ఆశయాలేమున్నయి? కొడుకు బతకాలె, అంతే.

బాలయ్య కూడా రైల్వేలోనే పనిచేసిండు. నెలనెలా చేతికి జీతం. వెట్టికి రమ్మని దొర మనిషి వచ్చి తలుపు కొట్టలేని రైల్వే క్వార్టరు. రైల్వే కులాన్ని రద్దు చెయ్యలేదు, నిజమే. కానీ దొర చేతికి అందకుండా ఇంత జాగా ఇచ్చింది. ఆ జాగాలో నిలబడి బాలయ్య తన పిల్లలు చదవాలె అనగలిగిండు. విడుదల ముందు వచ్చింది, కల తర్వాత పుట్టింది. ఈ పుస్తకం మనకిచ్చే అసలు విలువ ఈ వరుసక్రమమే.

స్వాతంత్ర్యానికి ముందే బోయి భీమన్న 'పాలేరు' నాటకంలో పాలేరును చదివించి అధికారిని చేసిండు. ఆ నాటకం చూసి పిల్లల్ని బడికి తోలినోళ్లు ఎందరో. దాని మేలు కాదనలేం. అయితే నాటకంలో చదువు మనిషిని పైకి లేపుతది. సత్యనారాయణ పుస్తకం ఆ చదువు కన్న ముందటి మెట్టును చూపిస్తది: బడికి పోయే పిల్లగాని ఇంట్ల తిండికి ఆధారమేంది, ఆ ఆధారం ఎవరి చెప్పుచేతల్లో ఉంది?

రచయితతో నాకు పేచీ ఒకటుంది. దళితులు తమ అణచివేతను తామే లోపలికి తీసుకున్నరు, దానికి తలొగ్గిన్రు అని ఆయన రాస్తడు. మరి ఆయన రాసిన చరిత్రే చెప్తున్నది గదా, 50 ఎకరాలు పోతుంటే ఆపగలిగే బలం ఎవరికీ లేదని! నర్సయ్యకు పోను రైలుపట్టాలు దొరికినయి. దొరకనోళ్లు వంగపల్లిలోనే ఉండిపోయిన్రు. వాళ్లది లొంగుబాటు అందామా, దారి లేకపోవడం అందామా? కథ రైలెక్కినంక వాళ్లు మన కండ్లకు కనబడరు. తండ్రి పేరు అట్ట మీదికి ఎక్కింది. ఆ జీతంతోనే ఇంటెడు మందికి కడుపునింపిన తల్లుల లెక్క ఎవరు రాయాలె?

మా ఇంట్ల డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. ఒక కాలేజీ సన్మాన సభలో నా విజయ రహస్యం చెప్పమన్నరు. సాంఘిక సంక్షేమ హాస్టల్, స్కాలర్‌షిప్, రిజర్వేషన్ అని చెప్పిన. సభ చిన్నబోయింది. వాళ్లకు కావల్సింది నా పట్టుదల. పట్టుదల నాకుండె, నాతో బడి మానేసినోళ్లకూ ఉండె. నాకు హాస్టల్ల సీటు దొరికింది. తేడా అక్కడుంది.

ఇయ్యాల స్టేషన్ ఊడ్చే పని కాంట్రాక్టరు కిందికి పోయింది. కాంట్రాక్టు కూలికి క్వార్టరుండదు, పింఛనుండదు. బాలయ్య పిల్లలు ఎక్కిన మెట్టునే పీకేసి, పెద్ద కలలు కనమని మన పిల్లలకు ఉపన్యాసాలిస్తున్నరు. అందుకే ఈ పుస్తకాన్ని హాస్టళ్లలో, సంఘాల్లో కూర్చొని చదవాలె. తండ్రి గొప్పతనానికి దండం పెట్టి మూసెయ్యకుండా, ఆ తండ్రి నిలబడ్డ నేల ఎట్లా దొరికింది, ఇప్పుడెవరు గుంజుకుంటున్నరు అని అడుగుతూ చదవాలె.