అంబాసిడరు వణుకు – మేస్త్రీల పరీక్షావిద్య

కుంటుచున్న గిత్త నడకను దూరమునుండి చూచి, ముల్లు ఏ కాలి డెక్కలో దిగినదో చెప్పగల రైతులు మన పల్లెలలో ఇంకను కలరు. మోటారుబండ్ల మరమ్మతులో అట్టి విద్య ఒకటి కలదు. నిలిచియున్న పాత అంబాసిడరును మొదటి గేరులో కదల్పబోవునప్పుడు, క్లచ్చు పెడలుమీది పాదము మెల్లగా పైకి వచ్చుచుండగా, సరిగా సగము దారిలో బండి యావత్తు గడగడ వణకి, తలుపుల అద్దములు గలగలలాడి, వెనుక సీటులోని పెద్దలు ముందునకు తూగి, మరుక్షణమున ఏమియు జరుగనట్లు సాగిపోవుట అనేకుల కనుభవమే. దీనినే మన మేస్త్రీలు ‘క్లచ్చు కొట్టుకొనుచున్నది’ అందురు. గేరుపెట్టెను దింపకుండ, స్పానరు చేతబట్టకుండ, ఆ వణుకు పుట్టినచోటును చెప్పగలవాడే నా దృష్టిలో మేస్త్రీ. తక్కినవారు సామాను మార్చువారు మాత్రమే.

అంబాసిడరు చరిత్రను విస్తరింపను. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డును మాతృకగా గొని, 1957లో కలకత్తా చెంత ఉత్తరపారాలో పుట్టి, 2014లో అక్కడనే తయారీ నిలిచిపోయిన బండి యిది. ప్రీమియర్ పద్మినిని మెచ్చువారితో నాకు వాదము లేదు. కాని ఇంటిల్లిపాదిని, మీద సామానుమూటలను మోసికొని తిరుమల ఘాట్ ఎక్కిన 1489 సి.సి. ఇంజనుమీద నాకుగల అభిమానమును దాచుకొనను. ఆ ఘాట్‌మలుపులలోనే, పాదమును పెడలుమీదనే ఉంచి ‘హాఫ్ క్లచ్చు’లో బండిని ఈడ్చుకొనిపోవు డ్రైవరు చేతిలో క్లచ్చుప్లేటు మాడుటయు, మాడినపిమ్మట వణకుటయు మొదలగును.

వణుకేల పుట్టును? ఇంజనుతో తిరుగు ఫ్లైవీలునకును, స్ప్రింగుల బలముతో నొక్కు ప్రెషరుప్లేటునకును నడుమ క్లచ్చుప్లేటు చిక్కి, తొలుత జారుచు, క్రమముగా పట్టుకొని, తుదకు వానితో ఏకమై తిరుగవలెను. ఆ జారుట పట్టుటగా మారు క్షణములో రాపిడి సమముగా లేనిచో, ప్లేటు పట్టును, వెంటనే విడుచును, మరల పట్టును. సెకనులో పలుమారులు జరుగు ఈ పట్టువిడుపులే బండికి వణుకై తగులును. ఇందు రెండు జాతులు గలవు. ఒకటి రాపిడిదోషము: నూనె తడియో, మాడి గాజువలె నునుపెక్కిన పొరయో దీనికి హేతువు. రెండవది వంకరదోషము: ప్లేటు వంగుటయో, ఫ్లైవీలు ముఖము మిట్టపల్లములగుటయో, ప్రెషరుప్లేటును వెనుకకు లాగు మూడు మీటలు, అనగా ఫింగర్లు, ఒకే ఎత్తున లేకుండుటయో కావచ్చును.

ఈ రెండింటిని వేరుచేయు పరీక్ష నేను చూచినవానిలో మనోహరమైనది. విజయవాడ ఆటోనగరులో ఒక వృద్ధమేస్త్రీ కలడు. నలుబదియేండ్లుగా అంబాసిడర్లనే నమ్ముకొన్నవాడు. ఆయన బండినెక్కి, ఇంజనును తక్కువ వేగమున నుంచి ఒకసారియు, మరికొంత హెచ్చించి ఒకసారియు క్లచ్చును విడిచి చూచును. ఇంజను వేగముతోపాటు వణుకు వడియు హెచ్చినచో అది తిరుగుడు ననుసరించిన వంకర. ఇంజను ఎంత హెచ్చినను వణుకు తన వడిలో తానున్నచో అది రాపిడివలన పుట్టి, బండి అంగములను వాని సహజమైన ఊపునకు ఊపుచున్నది. ఆ బండిలో ఇంజను చుట్లను చూపు ముల్లుండదు. ఆయన చెవియే ముల్లు, అరికాలే త్రాసు. పాదరక్షలు విడిచి పెడలు త్రొక్కు ఆ మనిషిని చూచునప్పుడెల్ల నాకు చేతులు జోడించవలెననిపించును.

అంతటితో ఆగడు. ఉదయమున మొదటి రెండు కదలికలలో మాత్రమే వణకి పిదప మానునా? అట్లయిన రాత్రి తేమకు ఫ్లైవీలుపై పట్టిన సన్నని తుప్పే కావచ్చును. గేరుపెట్టె జోలికి పోనక్కరలేదు. నగరపు రద్దీలో బండి వేడెక్కినపిమ్మటనే వణకునా? మాడిన ప్లేటును, వేడికి రూపుమారు ప్రెషరుప్లేటును అనుమానింపవలెను. వెనుక గేరులో మిక్కుటమా? ఇంజను, గేరుపెట్టెల రబ్బరు మౌంటింగులను చూడుమనును. హ్యాండుబ్రేకు బిగించి, మూడవ గేరు వేయించి, బానెట్టు తెరచి నిలిచి, శిష్యునిచేత క్లచ్చును అంగుళ మంగుళముగా విడిపించుచు ఇంజను ఏ పక్కకు ఎంత ఎగురుచున్నదో కన్నార్పక చూచును. ఈ పరీక్షను సాగదీయరాదు. రెండు మూడు క్షణములలో చూపు ముగియవలెను, లేనిచో పరీక్షయే ప్లేటును మాడ్చును.

మా బంధువర్గములో ఒకరి బండికి జరిగినది చెప్పెదను. నగరములోని ఒక పెద్ద వర్కుషాపువారు వణుకని చెప్పగానే క్లచ్చుసెట్టు మార్చిరి, వణుకు పోలేదు. సెట్టులో లోపమని మరల మార్చిరి, అప్పుడును పోలేదు. మూడవసారి మా మేస్త్రీయొద్దకు తెచ్చితిమి. ఆయన ఒక్కమారు బండిని ముందునకు, వెనుకకు కదల్పించి, నేలపై పరుండి వెనుక ఇరుసు క్రిందికి దూరి, ఆకుస్ప్రింగులను ఇరుసునకు బంధించు యూ బోల్టులను చేతితో కదపి చూచెను. ఒకవైపు రెండు నట్లు వదులైయున్నవి. కదలు క్షణములో ఇరుసు స్ప్రింగులపై మెలితిరిగి, మరల వెనుకకు వచ్చుచు బండిని వణకించుచున్నది. క్లచ్చు నిర్దోషి! రెండు సెట్ల డబ్బు, పదిదినముల కాలము పోయినవి. బిగించిన పనికి మా మేస్త్రీ టీఖర్చు తప్ప వేరేమియు పుచ్చుకొనలేదు.

గేరుపెట్టె దింపక తప్పనప్పుడు ఆయన పనితనము ఇంకను శోభించును. క్లచ్చుగూటి అడుగున కారిన నూనెను వ్రేలితో తీసి వాసన చూచును. తొంభై నెంబరు ఆయిలు పోసిన గేరుపెట్టెలనుండి కారినదైనచో గంధకపు ఘాటుండును. ఇంజను ఆయిలైనచో నల్లగా పలుచగా మాడువాసన నిచ్చును. ఏ సీలు పోయినదో అక్కడనే తేలును. నూనె త్రాగిన ప్లేటును పెట్రోలుతో కడిగి మరల వేయువారు కలరు. అది పదిదినముల ఉపశాంతియే. ఫ్లైవీలుపై నీలిమచ్చ లున్నచో, అవి వేడికి గట్టిపడిన చోట్లని గుర్తించి, చేతి గరుకుకాగితముతో సరిపెట్టక, ముఖమును సాన పట్టించును. క్రాంకుచివర నుండు చిన్న కంచుబుష్షు అరిగినచో గేరుపెట్టె షాఫ్టు కొన ఊగి ప్లేటు కేంద్రమే తప్పును. ఆ గుడ్డి రంధ్రములోని బుష్షును లాగుటకు ఆయన చేయు యుక్తి చూడదగినది: రంధ్రము నిండ గ్రీసు కూరి, సరిపడు ఇనుపకడ్డీని దూర్చి సుత్తితో ఒక్క దెబ్బ కొట్టును, పోవుటకు చోటులేని గ్రీసు బుష్షును వెనుకనుండి నెట్టి మన చేతిలో పెట్టును.

తిరిగి బిగించునప్పుడు ప్రెషరుప్లేటు కవరు బోల్టులను ఎదురెదురుగా కొంచెము కొంచెముగా త్రిప్పును. ఒకటి పూర్తిగా బిగించి మరొకదానికి పోయినచో కవరు వంగునని. గేరుపెట్టెను ఎక్కించునప్పుడు దాని బరువు క్షణమైనను ప్లేటుమీద వ్రేలాడనీయడు. కొత్తప్లేటు అట్లు వంగి, మొదటిదినముననే వణుకుట ఆయన ఎన్నిమారులో చూచెను. పాత ప్లేటు దుమ్మును ఊదనీయక తడిగుడ్డతో తుడిపించును. పూర్వపు ప్లేట్లలో ఆస్‌బెస్టాసు ఉండెడిది, అది ఊపిరితిత్తులకు విషము.

ఇట్టి విద్య యున్నచోటనే నేడు సాగుచున్న దుర్వ్యాపారమును చూచినచో కడుపు మండును. పేరొందిన కంపెనీ పెట్టెను పోలిన పెట్టెలో, ఒకటి రెండక్షరముల తేడాతో, రంగు పూసిన పాత ప్రెషరుప్లేటును కొత్తదని అమ్ముచున్నారు. దాని స్ప్రింగులు అలసిపోయినవి, ఫింగర్లు మూడు మూడెత్తులలో నున్నవి. ప్లేటులో రెండు రాపిడిపొరల నడుమ అలవలె వంగిన సన్నని ఉక్కురేకులుండవలెను. అవియే పట్టును మెత్తగా చేయునవి. చౌకరకము ప్లేటులో ఆ రేకులు చదునుగా నుండును, లేదా ఉండనే ఉండవు. పొరను మొండిగా రివెట్టు కొట్టి వదలుదురు. అట్టి ప్లేటు వణకక ఏమి చేయును? వణకినప్పుడు నింద పాతబండిమీద! ‘అంబాసిడరంటే అంతేనండీ’ అను ఆ ఒక్క మాటతో అరువదియేండ్ల కీర్తిని తుడిచివేయుదురు. ఈ అపవాదును నేను సహింపజాలను.

మేస్త్రీయొద్ద ఒకప్పుడు నలుగురు శిష్యులు, నేడు ఒక్కడు. వాడును కంప్యూటరు తగిలించి దోషము చదువు కొత్తబండ్ల పనికి పోవలెనని చూచుచున్నాడు; వానిని తప్పుపట్టను, పొట్ట గడవవలెను గదా. కాని పాతబండిగల ప్రతివారిని చేతులెత్తి కోరుచున్నాను: వణుకు కనబడగానే సెట్టు మార్చుమని చెప్పకుడు, ముందు చూడుమనుడు. చూచినందుకే కూలి ఇండు. విప్పిన ప్లేటును మీ చేతికిమ్మనుడు, మచ్చలను, నూనెను, రివెట్లను మీ కన్నులతో చూచుకొనుడు. మొన్న ఆదివారము ఆ ఒక్క శిష్యుడు, గురువు ప్రక్కన కూర్చుండగా, ఒక వణకు బండిని రెండు వేగములలో కదల్చి చూచి, ‘వంకరే గురువుగారూ, ఫింగర్లు చూడాలి’ అనెను. విప్పగా ఒక ఫింగరు తక్కిన రెండింటికంటె దిగియే యున్నది. వృద్ధుడు ఏమియు పలుకక, సన్నని సందులను కొలుచు తన ఫీలరుగేజిని వాని చేతిలో పెట్టెను.