కబేళా పోయింది, చేతులు మిగిలాయి

ఎముకతో పనిచేయాలంటే ముందు దాన్ని శుభ్రం చేయడమే సగం పని. పొయ్యి మీద తెర్లించామా, కొవ్వు లోపలికి ఇంకిపోయి ఎన్నాళ్లైనా జిడ్డు వదలదు. గోరువెచ్చని సబ్బునీళ్లలో వారాల తరబడి నానేసి, నీళ్లు మారుస్తూ ఉండాలి. తెల్లబడటానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడాలి. బట్టలుతికే బ్లీచ్ పోస్తే ఎముకే పెళుసెక్కి రాలిపోతుంది. మేక ఎముకలతో కుస్తీ పడుతూ నేను ఎక్కువగా తలుచుకునేది రాబర్ట్ బర్న్స్‌ని.

1974లో విడుదలైన ‘ద టెక్సస్ చైన్ సా మాసకర్’కు కళాదర్శకుడాయన. టెక్సస్ పల్లెలన్నీ తిరిగి పశువుల ఎముకలూ కళేబరాలూ పోగేసి, రౌండ్ రాక్‌లోని ఒక పాత ఇంటిని నింపేశాడు. 1973 వేసవి ఎండలకు లైట్ల వేడి తోడై సెట్టంతా కంపు కొట్టింది. తెర మీద ఆ ఇంట్లో ఒక గది చూడండి: నేలంతా ఈకలు, ఇరుకు పంజరంలో బతికున్న కోడి, ఎముకలు పేర్చి కట్టిన సోఫా.

కథకు ప్రేరణ విస్కాన్సిన్‌లోని ప్లెయిన్‌ఫీల్డ్‌వాసి ఎడ్ గీన్. 1957లో పోలీసులు అతని ఇల్లు సోదా చేస్తే పుర్రెతో చేసిన గిన్నెలు, మనిషి చర్మం తొడిగిన కుర్చీలు దొరికాయి. ఎక్కువ భాగం సమాధులు తవ్వి తెచ్చినవే. ఊళ్లో మాత్రం చిల్లర పనులు చేసిపెడుతూ, అడిగితే పిల్లల్ని కూడా చూసుకునే మనిషి!

గీన్ మనసులోకి దూరిపోయానని ఎవరన్నా నేను నమ్మను. సినిమా అంత గొప్ప పోలేదు, హంతకులకు ఒక వృత్తి ఇచ్చింది. వాళ్లది కబేళా కుటుంబం. సుత్తి దెబ్బతో పశువును పడగొట్టే రోజులు పోయి గాలి తుపాకీ వచ్చింది, పనులు పోయాయి. సినిమాలో దారి మధ్యలో వ్యాన్ ఎక్కిన ఆ ఇంటి కుర్రాడు ఆ సంగతే చెబుతాడు. అది విన్నాక ఆ సోఫాలో నాకు పిచ్చి కన్నా పనితనమే ముందు కనిపిస్తుంది. ఏ కీలు ఎక్కడ ఊడుతుందో, ఏ ఎముక ఎంత బరువు మోస్తుందో తెలిసిన చేతులవి. కోయడానికి పశువు లేదు, చేతులు ఊరుకోవు. నా చేతులూ అంతే కాబట్టి, ఆ సోఫా పక్కన కూర్చోవడం నాకు ఇబ్బందే.

బర్న్స్ తర్వాత ఇంకో సినిమాలో హంతకుడి వేషం కూడా వేశాడు. నిజంగా జరిగిన హత్యల ఆధారంగా తీసిందది. ఎముకలు సరిపోలేదేమో.