‘తొలి’ అను మాటకు మౌలాలిలో పరీక్ష

సికింద్రాబాదు సమీపమున మౌలాలి గుట్ట పాదమున ఒక సమాధి ప్రాంగణము కలదు. ఉర్దూ కవయిత్రి మహలఖాబాయి చందా (1768–1824) తన తల్లి రాజ్‌కువర్‌బాయికై దీనిని 1792లో నిర్మింపజేసెను. తరువాత ఆమెను కూడ తల్లి ప్రక్కనే సమాధి చేసిరి. అమెరికా ప్రభుత్వ సహాయముతో జరిగిన దీని పునరుద్ధరణ 2011లో పూర్తియైనది. ఈ కవయిత్రిని గూర్చిన వార్తలలో ఒక వాక్యము తరచు కనబడును: ఉర్దూలో దివాన్, అనగా గజళ్ళ సంపుటము, కూర్చిన తొలి స్త్రీ ఈమెయే నని. మాధ్యమములను పరిశీలించు పద్ధతి నేర్చుకొనుటకు ఈ చిన్న వాక్యము చాలును.

అమెరికను శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ లాస్‌వెల్ 1948లో ఒక సూత్రము చెప్పెను. ఏ సందేశమునైనను అయిదు ప్రశ్నలతో పరీక్షింపవలెను: చెప్పువారెవరు? ఏమి చెప్పుచున్నారు? ఏ మార్గమున? ఎవరికి? ఫలితమేమి? ఈ సూత్రమును మహలఖాబాయిని గూర్చిన మూడు సందేశములకు అన్వయించి చూడవచ్చును.

మొదటిది సమాధి ద్వారముపై నున్న శాసనము. దాని మార్గము రాయి, గ్రహీత సమాధి వద్దకు వచ్చిన మనిషి, ఉద్దేశము సంతాపము. కనుక అది ఆమెను కొనియాడి, మరణ సంవత్సరమగు హిజ్రీ 1240ని అక్షరముల సంఖ్యలలో ఇమిడ్చి చెప్పును.

రెండవది వ్రాతప్రతి. 1799లో ఆమె తన దివాన్ ప్రతి నొకదానిని కెప్టెన్ మాల్కం అను ఆంగ్లేయ అధికారికి కానుకగా నిచ్చెను. అది నేడు లండనులో బ్రిటిష్ లైబ్రరీలో నున్నది. మీర్ ఆలం ఇంట, ఆమె ముఖ్య నర్తకిగా నున్న నాట్యము నడుమ ఈ కానుక లభించినదని ఆ ప్రతిపై ఆంగ్లములో వ్రాసియున్నది. కవిత్వము కవయిత్రిది, దానికి ముందు నిలిచిన పరిచయము మాత్రము పుచ్చుకొన్నవారి వైపునది. పుస్తకముతోపాటు ‘నర్తకి’ అను ముద్రయు సముద్రము దాటెను. ఒక మనిషిని గూర్చి అనేక విషయములుండగా కొన్నిటినే ఏరి చూపుటను చిత్రణ మందురు. ఆమె జాగీరులు పొందినదనియు, నిజాముతో యుద్ధయాత్రలకు వెళ్ళినదనియు ఆ ముద్ర చెప్పదు.

మూడవది వార్త. దాని స్థలము స్వల్పము. పాఠకుడు తొందరలో నుండును. అట్టిచోట ‘తొలి’ అను మాట చక్కగా ఇముడును. కాని మహలఖాబాయి దివాన్ కూర్పు 1798 నాటిది. హైదరాబాదుకే చెందిన మరియొక కవయిత్రి లుత్ఫున్నీసా ఇంతియాజ్ దివాన్ 1797 నాటిదని పరిశోధకులు తరువాత చూపిరి. అయినను పాత వాక్యము ఒక పత్రిక నుండి మరియొక పత్రికకు నడచుచునే యున్నది.

ఇచ్చట లాస్‌వెల్ సూత్రపు లోపము బయటపడును. చెప్పినదానిని అది చక్కగా విడదీయును. చెప్పక విడిచినదానిని అడుగదు. ఇంతియాజ్ పేరు వార్తలో లేనేలేదు గనుక అయిదు ప్రశ్నలలో ఏదియు ఆమెను పట్టుకొనలేదు. ఈ లోటును తీర్చునది ‘ద్వారపాలకుడు’ అను భావన. కర్ట్ లెవిన్ చెప్పిన ఈ భావనను డేవిడ్ మానింగ్ వైట్ 1950లో వార్తలకు అన్వయించెను. వచ్చిన వార్తలలో దేనిని లోనికి విడువవలెనో, దేనిని ఆపవలెనో నిర్ణయించు సంపాదకుడే ఆ ద్వారపాలకుడు. గ్రంథాలయపు పట్టికయు, పాఠ్యపుస్తకమును, నేటి ఫోనులో వార్తలను వరుసపరచు యంత్రగణనయు అట్టి ద్వారములే.

మరియొక లోపమును కూడ గుర్తింపవలెను. సూత్రములో గ్రహీత కేవలము పుచ్చుకొనువాడు. స్టూవర్ట్ హాల్ 1973లో దీనికి భిన్నముగా, గ్రహీత అర్థమును తానుగా నిర్మించుకొనుననియు, సందేశమును అంగీకరింపవచ్చును, సవరింపవచ్చును, ఎదిరింపవచ్చుననియు వివరించెను. ‘తొలి’ అని చదివి, ‘ఎవరికి తెలిసినంతలో తొలి?’ అని అడిగిన విద్యార్థి సవరించు పాఠకుడు. అతడు మహలఖాబాయి కీర్తిని తగ్గించుట లేదు. ఆమె గజళ్ళకు ఆ బిరుదుతో పనిలేదు. మరుగుపడిన రెండవ కవయిత్రికి చోటు కల్పించుచున్నాడు.

ఉపాధ్యాయులు తరగతిలో ఏదైన ఒక వార్తను తీసికొని అయిదు ప్రశ్నలను వేయించి, ఆరవదిగా ‘ఇందు లేనివారెవరు?’ అని అడిగించిన మేలు. ఆ ఆరవ ప్రశ్నకు సమాధానము వార్తలో దొరకదు. దానికై మరియొక పుస్తకము తెరువవలసి యుండును.